ఆదివారం వాయించేవాడు ఎప్పుడు నేర్చుకోవాలి?

తెలుగు సంఘాల్లో కీబోర్డు వాయించేవాళ్లలో చాలామంది నేర్చుకుని పరిచర్యలోకి వచ్చినవాళ్లు కాదు, పరిచర్యలో కూర్చున్నాక నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లు. పదమూడేళ్ల కుర్రాడు ఎవరి దగ్గరో నాలుగు కార్డ్స్ పట్టుకుంటాడు. ఆదివార బడిలో ఒక పాట వాయిస్తాడు. అంతవరకు వాయిస్తున్న అన్నయ్యకు బెంగళూరులోనో దుబాయ్‌లోనో ఉద్యోగం వస్తుంది. మరుసటి వారం నుంచి ఆ స్టూలు ఈ కుర్రాడిది. ఇక ఆదివారం ఆరాధన, వారం మధ్యలో ఉపవాస ప్రార్థన, గృహకూడికలు, పెళ్లి, భూస్థాపన, డిసెంబరు వస్తే వరసగా సెమీ క్రిస్మస్‌లు. పదేళ్లు గడిచాక చూస్తే వందల పాటలు నోటికి వచ్చి ఉంటాయి. వేళ్ల కింద మాత్రం అవే నాలుగు కార్డ్స్.

అతన్ని ఏమనాలి? సంఘాల్లో దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. దేవుడు హృదయాన్ని చూస్తాడు గాని నేర్పును కాదు, ఉన్నదానితో నమ్మకంగా సేవ చేస్తే చాలు అనేది ఒకటి. దేవునికి శ్రేష్ఠమైనదే అర్పించాలి, సాధన చేయకుండా వచ్చి కూర్చోవడం కుంటి గొర్రెను బలికి తెచ్చినట్టే అనేది రెండోది. మొదటి మాట సాధారణంగా సంఘ పెద్దల నోట వస్తుంది, రెండోది సంగీతం తెలిసినవాళ్ల నోట. రెండిటికీ వాక్యాధారం ఉంది. రెండూ భారమంతా వాయించేవాడి మీదే పెడతాయి. అతని వారం ఎలా గడుస్తుందో, ఆ కీబోర్డు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో రెండూ అడగవు. నా దృష్టిలో అసలు ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

నేర్పు గురించి మాట్లాడేవాళ్లు తరచూ 33వ కీర్తనను, మందసం తెచ్చేటప్పుడు ప్రవీణుడు గనుక పాట నడిపించిన కెనన్యాను ఎత్తుకుంటారు. వాటికన్నా ఎక్కువ చెప్పేది మొదటి దినవృత్తాంతముల గ్రంథంలోని లెక్క అనిపిస్తుంది నాకు. 23వ అధ్యాయంలో వాద్యాలతో స్తుతించడానికి ఏర్పాటైన లేవీయులు 4,000 మంది. 25వ అధ్యాయంలో పాటలో తర్ఫీదు పొంది ప్రవీణులైనవాళ్లు 288 మంది. ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాలవాళ్లు వీళ్లు. 12 మంది చొప్పున 24 వంతులుగా విడిపోయారు. ఎవరి వంతు ఎప్పుడో చీట్లు వేసి తేల్చారు. ఆ చీట్లలో చిన్నా పెద్దా, గురువూ శిష్యుడూ అన్న తేడా లేదు. ఆరాధనలో శిష్యుడికీ గురువుకూ ఒకే వరసలో చోటు పెట్టిన ఏర్పాటు అది. వంతు కానివాడు ఏం చేసేవాడో గ్రంథం చెప్పదు కాని, వంతు అనేది ఉందంటేనే వంతు కాని కాలం కూడా ఉందన్నమాట. మన సంఘాల్లో చాలాచోట్ల కరవైంది ఆ కాలమే.

యూరప్ చర్చి చరిత్రలో నేర్చుకోవడానికీ పరిచర్యకూ మధ్య ఉన్న ఈ పేచీ అంతా ఒక కుర్రాడి ఉద్యోగంలో కనబడుతుంది. యోహాన్ సెబాస్టియన్ బాక్ 1703లో, పద్దెనిమిదేళ్ల వయసులో, జర్మనీలోని ఆర్న్‌స్టాట్ ఊళ్లో ఆర్గన్ వాయించే పనిలో చేరాడు. 1705లో నాలుగు వారాల సెలవు అడిగి, ల్యూబెక్‌లోని పెద్ద విద్వాంసుడు బుక్స్‌టెహూడ వాయిద్యం వినడానికి దాదాపు 400 కిలోమీటర్లు నడిచి వెళ్లాడు. తిరిగి వచ్చింది నాలుగు నెలలకు. 1706 ఫిబ్రవరిలో పెద్దలు పిలిచి నిలదీశారు. ఇన్నాళ్లు ఎక్కడున్నావు అన్నారు. తన బదులు ఒకరిని కూర్చోబెట్టి వెళ్లానని, పని ఆగలేదని అతని జవాబు. పెద్దల రెండో ఫిర్యాదు ఇంకా ఆసక్తికరమైనది: పాటల మధ్య వింత మార్పులు, సంబంధంలేని స్వరాలు కలిపి సంఘాన్ని తికమక పెడుతున్నాడట. పాటకు ముందు వాయించే భాగం మరీ పొడుగైందని ఒకప్పుడు చెబితే, ఆ తరవాత మరీ పొట్టిగా వాయించి కూర్చున్నాడట.

బాక్ పక్షాన నిలబడటం మనకు తేలిక, ఎందుకంటే ఆయన ఎవరో మనకు తెలుసు. ఆర్న్‌స్టాట్ పెద్దలకు తెలియదు. వాళ్లకు కనిపించింది సెలవు దాటిన ఇరవై ఏళ్ల ఉద్యోగి. పైగా వాళ్ల రెండో ఫిర్యాదులో న్యాయం ఉంది. కొత్తగా నేర్చుకున్నదాన్ని సంఘం పాడే పాట మీదే పరీక్షిస్తే పాడేవాళ్లు దారి తప్పుతారు. బాక్ కూడా ఆ తరవాత నేర్చుకోవడాన్నీ సంఘం పాడే పాటనూ వేరుచేశాడనడానికి గుర్తు వైమార్‌లో ఉన్నప్పుడు మొదలుపెట్టిన ఓర్గెల్‌బ్యూఖ్లైన్ అనే పుస్తకం. చర్చి సంవత్సరానికి సరిపడా 164 పాటలకు చిన్న చిన్న పూర్వరంగాలు రాయాలనుకున్నాడు. 46 మాత్రం పూర్తి చేశాడు. కొత్తగా ఆర్గన్ పట్టినవాడు ఒక పాటను ఎలా విస్తరించాలో, కాళ్ల మెట్లు ఎలా వాయించాలో నేర్చుకోవడానికి అని ముఖపత్రం మీద రాసుకున్నాడు. ఆదివారం పనికొచ్చే పాటే పాఠం. ప్రయోగం మాత్రం పాట మొదలయ్యేలోపే అయిపోతుంది.

మరో కొసన జ్యూరిక్ సంస్కర్త జ్వింగ్లీ ఉన్నాడు. స్వయంగా పలు వాద్యాలు వాయించగలవాడు. అయినా 1520ల్లో ఆయన నడిపిన సంస్కరణలో చర్చిల్లో ఆర్గన్లు మూగబోయాయి. నేర్పు ఉన్నంతమాత్రాన దాన్ని ఆరాధనలో పెట్టాలన్న నియమం లేదని నమ్మినవాడు. ఆ వైఖరి నాకు రుచించదు గాని, మైకు దొరికితే చాలు రెండు నిమిషాల లీడ్ వాయించే కుర్రాళ్లను చూసినప్పుడు ఆయన గుర్తుకొస్తాడు.

ఇక మన స్టూలు దగ్గరికి వద్దాం. పరిచర్య వల్ల సంగీతం ఎదగదని అనడం అన్యాయం. కొన్ని విద్యలు అక్కడ తప్ప ఇంకెక్కడా రావు. మొదటిది శ్రుతి పట్టడం. సాక్ష్యం చెప్పడానికి లేచిన అమ్మ ఏ ముందుమాటా లేకుండా పాట ఎత్తుకుంటుంది. ఆమెది ఐదున్నరో ఆరో శ్రుతి. పల్లవి మొదటి పాదం పూర్తయ్యేలోపు వాయించేవాడు స్థాయి కనిపెట్టి చేరిపోవాలి. చరణానికి వచ్చేసరికి ఆమె అర స్వరం దిగిపోవచ్చు, తనూ దిగాలి. రెండోది పాడేవాళ్ల ఊపిరిని గమనించడం. మూడువందల మంది కలిసి పాడేటప్పుడు వెనక బెంచీలు ముందు బెంచీలకన్నా కాస్త ఆలస్యంగా నడుస్తాయి, వాళ్లను తొందరపెట్టకుండా లాక్కెళ్లాలి. అన్నిటికన్నా కష్టమైనది వాయించకుండా ఉండగలగడం. ప్రార్థన సాగుతుంటే వెనక స్ట్రింగ్స్ ఎంత తగ్గించాలో, ప్రభురాత్రి భోజనం వేళ ఎప్పుడు పూర్తిగా ఆపేయాలో, భూస్థాపన దగ్గర ఏ టోన్ పనికిరాదో ఏ సంగీత పాఠశాలా చెప్పదు. ఇంటి దగ్గర గంటలకొద్దీ సాధన చేసి వచ్చినవాడు కూడా ఈ పనుల్లో మొదటి నెలల్లో తడబడతాడు.

అయితే ఈ చదువుకు ఒక హద్దు ఉంది. అది ముఖ్యంగా మన పాత కీర్తనల దగ్గర బయటపడుతుంది.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివాళ్లు కర్ణాటక బాణీల్లో కట్టిన పాటలు అవి. హార్మోనియం మీద వాయించిన పెద్దలు వాటిని స్వరం వెంట స్వరంగా, కింద షడ్జ పంచమాలు ఆపి పెట్టి వాయించేవారు. హార్మోనియం మెట్ల మీద గమకం పలకదన్నది పాత ఫిర్యాదే. ఇలాంటి అభ్యంతరాలతోనే 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని దూరం పెట్టింది. కాని రాగంలో లేని స్వరం మాత్రం ఆ పెద్దల చేతిలోకి చొరబడేది కాదు. కార్డ్స్ వచ్చాక పరిస్థితి మారింది. మోహన తీసుకోండి: స రి గ ప ద. సి స్కేల్‌లో వాయిస్తే అందరికీ వచ్చిన మూడు మేజర్ కార్డ్స్ సి, ఎఫ్, జి. ఎఫ్ పట్టుకోగానే అందులో మధ్యమం ఉంది, జి పట్టుకోగానే నిషాదం ఉంది. మోహనలో ఆ రెండూ లేవు. మూడింటిలో రెండు కార్డ్స్ రాగానికి బయటివే. పూర్తిగా లోపల ఇమిడేవి సి మేజర్, ఎ మైనర్ మాత్రమే. హిందోళం ఇంకా గడ్డు: స గ మ ద ని. పంచమమే లేదు. మైనర్‌లా వినిపిస్తుంది గదా అని సి మైనర్ పడితే అందులో ఉన్నదే పంచమం. అక్కడ ఇమిడేవి ఎఫ్ మైనర్, ఎ ఫ్లాట్ మేజర్. మాయామాళవగౌళలో పాటను అందరూ ముగించినట్టు జి నుంచి సి కి ముగిస్తే, జి కార్డ్‌లోని చతుశ్రుతి రిషభం పాడేవాళ్ల శుద్ధ రిషభంతో గీసుకుంటుంది.

కార్డ్స్ వేయకూడదని నా వాదన కాదు. బయటి స్వరం కూడా కొన్నిచోట్ల అందంగా అమరుతుంది, సినిమా సంగీత దర్శకులు ఆ పని ఎన్నోసార్లు చేశారు. తెలిసి వేయడం వేరు, తెలియక వేయడం వేరు. పదేళ్లు ఆదివారాలు వాయించినా ఈ సంగతి తనంతట తాను తెలియదు, ఎందుకంటే తప్పు వేసినా పాట ఆగదు. సంఘం గొంతు పెద్దది, కార్డ్‌ను మింగేస్తుంది. వాయించేవాడికి తన తప్పు వినిపించే చోటు ఆరాధనలో లేదు.

తాళానిదీ ఇదే కథ. యమహా పీఎస్‌ఆర్-ఐ వరసను మన దేశం కోసమే తబలా, ఢోలక్ వంటి టోన్లు, భారతీయ స్టైల్స్ పెట్టి తయారుచేసింది.  వీటిలో మీట నొక్కితే తమంతట తామే తాళం నడిపే స్టైల్స్ ఎక్కువగా నాలుగుకో మూడుకో ఆరుకో కట్టినవి. ఏడక్షరాల మిశ్రచాపు కీర్తన వస్తే మీట నొక్కినవాడు పాటనే ఎనిమిదికి సాగదీస్తాడు, లేదా ఆరుకి కుదిస్తాడు. రెండు మూడేళ్లు అలా పాడాక సంఘానికి అదే అసలు బాణీ అయిపోతుంది. స్టైల్ ఆన్ చేసి ఉన్నంతసేపు ఎడమచేతికి కార్డ్ పట్టుకోవడం తప్ప పని లేదు. ఒక కుర్రాడి స్థాయి తెలియాలంటే స్టైల్ ఆపి, పియానో టోన్ పెట్టి ఒక పాట వాయించమంటే చాలు.

శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీట మీద పండితులకు ఉన్నంత కోపం నాకు లేదు. అమెరికా పాటల రచయిత అర్వింగ్ బెర్లిన్ జీవితమంతా నల్లమెట్ల మీద ఎఫ్ షార్ప్‌లోనే వాయించాడు. శ్రుతి మార్చడానికి పియానోకే ఒక మర పెట్టించుకున్నాడు. అంతమాత్రాన ఆయన పాటలు చిన్నబోలేదు. సాక్ష్యానికి లేచిన అమ్మకు ఆరో శ్రుతి ఇవ్వాలంటే మీట నొక్కడమే మర్యాద. కాని ఆ మీట ఉన్నందువల్ల ఒక స్కేల్‌తోనే పదేళ్లు గడిపినవాడికి, పక్క సంఘంలో గిటారు వాయించేవాడు ‘ఇ ఫ్లాట్’ అంటే అర్థం కాదు. మందిరంలో పియానో ఉంటే దానికి ఆ మీట ఉండదు.

మరి బయట నేర్పేవాళ్లు ఏం నేర్పుతున్నారు? మన నగరాల్లో పిల్లలు ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎమ్ సంగీత పరీక్షల గ్రేడ్లకు వెళ్తున్నారు. ఏబీఆర్ఎస్ఎమ్ ప్రాక్టికల్ గ్రేడ్‌లో మొత్తం 150 మార్కులు: మూడు రచనలకు 90, స్కేల్స్‌కు 21, చూసి వాయించడానికి 21, వినికిడి పరీక్షకు 18. చేతికి, కంటికి ఇది మంచి తర్ఫీదు. ఐదో గ్రేడ్ పిల్లను తీసుకొచ్చి ఆరాధనలో కూర్చోబెడితే, నొటేషన్ లేని పాట దగ్గర చేతులు ముడుచుకుంటుంది. అది ఆమె లోపం కాదు, ఆ పరీక్ష ఆ పని కోసం పెట్టింది కాదు. పాశ్చాత్య చర్చిలు ఈ తేడాను ముందే గుర్తించాయి. 1896లో ఏర్పడిన అమెరికన్ గిల్డ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ ఆరాధనలో వాయించడానికే ఒక ప్రత్యేక పరీక్ష పెట్టింది. సంఘం పాడేటట్టు పాట వాయించడం, ఇచ్చిన పాటను వేరే శ్రుతికి మార్చడం, గాయకులకు తోడు వాయించడం అందులో ఉంటాయి. తెలుగు కీర్తనకు, మన కొత్త పాటకు కలిపి అటువంటి పాఠ్యప్రణాళిక ఒకటి ఉంటే బాగుండును. బైబిలు కళాశాలలు ప్రసంగం ఎలా తయారుచేయాలో ఏళ్లతరబడి నేర్పుతాయి. పాట దగ్గరికి వచ్చేసరికి వచ్చినవాళ్లు వాయిస్తార్లే అన్న ధోరణి.

సాధన మీద ఎక్కువగా ఉదహరించే పరిశోధన ఆండర్స్ ఎరిక్‌సన్ బృందం 1993లో ప్రచురించినది. బెర్లిన్ సంగీత అకాడమీ వయొలిన్ విద్యార్థుల్లో మేటివాళ్లు వారానికి దాదాపు 24 గంటలు ఒంటరిగా సాధన చేస్తున్నారని, టీచర్లు కాబోయేవాళ్లు 9 గంటలకు అటూ ఇటూగా ఉన్నారని అందులో తేలింది. ఈ అంకెలను మన కుర్రాడి ముందు పెట్టడం క్రూరత్వం. ఉద్యోగమో చదువో చేసుకుంటూ వాయించేవాడికి 24 గంటలు ఎక్కడినుంచి వస్తాయి? అంకెలకన్నా ఆ వ్యాసంలోని ఒక విభజన మనకు పనికొస్తుంది. నలుగురి ముందు వాయించడాన్ని వాళ్లు సాధనలో లెక్కించలేదు, పనిగా లెక్కించారు. పనిలో ఉన్నవాడు ఆ క్షణానికి తనకు బాగా వచ్చినదాన్నే నమ్ముకుంటాడు, రానిదాన్ని ప్రయత్నించడు. సాధనలో చేయవలసింది సరిగ్గా ఆ రానిదే. తరవాత 2014లో మాక్‌నమారా బృందం ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి, సంగీతంలో మనిషికీ మనిషికీ మధ్య నేర్పు తేడాల్లో సాధన వివరించగలిగింది 21 శాతమేనని చెప్పింది. అందుకని గంటల లెక్కతో ఎవరినీ భయపెట్టనక్కర్లేదు. పని, సాధన వేరు అన్న మాట మాత్రం నిలిచే ఉంది.

దీన్నిబట్టి చూస్తే యూట్యూబ్‌లో వచ్చిన కొత్త పాట బిట్లను ప్రతి వారం అచ్చుగుద్దినట్టు దించడం కూడా చాలావరకు పనే. హైదరాబాదు స్టూడియోలో ముగ్గురు నలుగురు కలిసి చేసిన ఇంటర్‌లూడ్‌ను ఒక్కడు ఒక కీబోర్డు మీద పలికించడానికి శనివారం రాత్రంతా కూర్చుంటాడు. చెవికి కాస్త పదును వస్తుంది. కాని అయిదు నెలల్లో ఆ పాట మరుగున పడుతుంది, ఆ బిట్ మరో పాటకు పనికిరాదు. అదే సమయంలో సగం తీసి ఒక కీర్తనను మూడు శ్రుతుల్లో, స్టైల్ లేకుండా, ఎడమచేత్తో మంద్రస్వరం నడుపుతూ వాయిస్తే అది మిగతా వంద పాటలకు ఉపయోగపడుతుంది. కుర్రాళ్లకు ఇది చెప్పడం కష్టం. క్వయర్ పిల్లలు అడిగేది బిట్టే.

కొత్తగా నేర్చుకున్నది ఎక్కడ పెట్టి చూడాలి అనే దానికి బాక్ పద్ధతే ఇప్పటికీ పనికొస్తుంది. జనం వచ్చి కూర్చుంటున్న మొదటి పదిహేను నిమిషాలు ఎవరూ పాడటం లేదు. అక్కడ తడబడినా ఎవరి ఆరాధనా చెడదు. కానుకలు పట్టే సమయం కూడా అలాంటిదే. సంఘమంతా నిలబడి పాడే పాటలో మాత్రం చేతికి బాగా వచ్చినదే వాయించాలి. ఇది ఎదుగుదలకు అడ్డు కాదు, పాడేవాళ్ల పట్ల బాధ్యత.

సంవత్సరంలో అన్ని నెలలూ ఒకటి కావన్నది కూడా ఒప్పుకోవాలి. నవంబరు చివరి నుంచి డిసెంబరు 31 రాత్రి ఆరాధన దాకా ఎవరూ ఏమీ నేర్చుకోలేరు, నేర్చుకోమనడం అన్యాయం. లెంటు దినాల్లో సాయంత్రం కూడికలు, శుభ శుక్రవారం ఏడు మాటల ఆరాధన, ఈస్టరు తెల్లవారుజాము. అవి ముగిశాక మే నెలలో వీబీఎస్, అంటే పిల్లల సెలవుల బైబిలు బడి, వస్తుంది. పదిరోజులపాటు పిల్లలు పాడే తేలిక పాటలు, క్షమించే శ్రోతలు. రెండో మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. అక్కడ ఒక ఆడపిల్లను కూర్చోబెడితే ఇంకా మంచిది. నేను చూసిన సంఘాల్లో పాడటానికి ముందు వరసలో అమ్మాయిలు, కీబోర్డు దగ్గర మాత్రం అబ్బాయిలే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పెద్ద పండగలు తక్కువ. మొదటి మనిషి పాఠానికి వెళ్లవలసింది అప్పుడు.

అతను వెళ్లాలంటే రెండో మనిషి ఉండాలి. ఇది వాయించేవాడి చేతిలో ఉన్నది కాదు, పెద్దల చేతిలో ఉన్నది. చాలా సంఘాలు కొత్త కీబోర్డుకు చందాలు ఎత్తి లక్ష దాకా ఖర్చుపెట్టడానికి వెనకాడవు. వాయించేవాడికి నెల నెలా పాఠం ఫీజు కట్టాలంటే మాత్రం కమిటీలో మాట పడిపోతుంది. కొన్న వాద్యం ఆదివారం మధ్యాహ్నం బీరువాలోకి వెళ్లి, మధ్యలో కూడిక ఉంటే తప్ప వచ్చే ఆదివారం ఉదయం దాకా బయటికి రాదు. ఇంట్లో కీబోర్డు లేని కుర్రాడు ఆ ఆరు రోజులు దేని మీద సాధన చేస్తాడు? మందిరం ఎలాగూ ఖాళీగా ఉంటుంది. వారంలో రెండు సాయంత్రాలు తాళంచెవి అతనికిచ్చి, నెలలో ఒక ఆదివారం అతన్ని బెంచీ మీద కూర్చుని అందరితో కలిసి పాడనిస్తే, ఆ రోజు కీబోర్డు దగ్గర ఉన్న రెండో పిల్ల నాలుగు కార్డ్స్‌తోనే వాయిస్తుంది. వాయించనివ్వాలి.